తాడు పేరు అడగకండి, పని అడగండి

(ఓడల్లాంటి వాటి చిన్న నమూనాలు, అంటే మోడళ్లు, కట్టుకునే కొందరు మిత్రులు హైదరాబాద్‌లో ఒక ఆదివారం పొద్దున కలిసినప్పుడు, మల్కాజిగిరిలో మగ్గం వర్క్ షాపు నడిపే ఒక మహిళ మాట్లాడిన మాటలివి. రికార్డు విని రాసింది.)

అందరికీ నమస్కారం. మైకు అవసరమా? షాపులో ఆరుగురు అమ్మాయిలతో వేగి వేగి నా గొంతు బాగానే తయారైంది. రికార్డింగ్ కోసమంటున్నారు కాబట్టి పట్టుకుంటాను.

మీ అందరి చేతికీ ఒక్కో అట్టముక్క వచ్చిందా? దాని మీద ఐదు నల్ల దారాలు నిలువుగా బిగించి ఉన్నాయి. పక్కన చిన్న దారపు చుట్ట, ఒక సూది. ఇప్పుడే ముట్టుకోకండి. చెప్పినప్పుడు మొదలుపెడదాం. ముట్టుకోవద్దంటే ముట్టుకుంటారని తెలుసు, మా అమ్మాయిలూ అంతే.

ఈ టేబుల్ మీద ఉన్న ఓడ మా బాబుది. ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఉండగా తెప్పించుకున్నాడు. కటీ సార్క్ అనే ఓడకు 96వ వంతు సైజులో ప్లాస్టిక్ కిట్. అడుగు భాగం అతికించాడు, రంగులేశాడు, డెక్కు మీద చిన్న చిన్న సామానంతా పెట్టాడు. దారాల దగ్గరికి వచ్చేసరికి డబ్బా మూసి అటక మీద పెట్టాడు. తర్వాత ఉద్యోగమని బెంగళూరు వెళ్లిపోయాడు. ఇక్కడ కూర్చున్న వాళ్లలో ఎంతమంది ఇళ్లలో ఇలా దారాల దగ్గర ఆగిపోయిన ఓడ ఉంది? చేతులెత్తండి. చూశారా. (నవ్వులు)

ఒకసారి దీపావళికి అటక దులుపుతుంటే డబ్బా దొరికింది. లోపల ఓ పెద్ద కాగితం, దాని నిండా గీతలు, గీతకో నంబరు. నంబర్లు నూటయాభై దాటాయి. పిల్లవాడు భయపడ్డాడంటే తప్పు లేదు. నాకు మాత్రం కాగితం కన్నా ముందు డబ్బాలోని దారం మీద కన్ను పడింది. పట్టుకుని చూస్తే నూగు లేచిపోయి ఉంది. జాకెట్టు చేతికి కూడా ఆ దారం వాడను, ఓడకెలా కడతారనుకున్నాను. అలా దిగాను ఇందులోకి. ఓడ అంటే ఇష్టం ఉండి కాదు, దారం నచ్చక.

ఇక ఆ కాగితం సంగతి. మొదటి నెల నేనూ నంబర్ల వెంటే పడ్డాను. 37వ నంబరు ఇక్కడి నుంచి అక్కడికి, 38 అక్కడి నుంచి ఇక్కడికి. పది కట్టేసరికి ఏది ఎందుకు కట్టానో మరిచిపోయేదాన్ని. ఒక రోజు విసుగొచ్చి వదిలేసి ఆలోచించాను. మా నాయనది భువనగిరి దగ్గర పల్లె. మా ఇంట్లో తాడు అనే మాట ఎవరూ ఊరికే అనేవాళ్లు కాదు. బావిలో నీళ్లు చేదేది చేంతాడు. గేదె మెడకుండేది పలుపు. ఎద్దుల్ని నడిపించేవి పగ్గాలు. మంచానికి అల్లేది నులక. కిరాణా కొట్టులో పొట్లానికి చుట్టేది పురికొస. మా చిన్నాయన తాటిచెట్టు ఎక్కేటప్పుడు నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునేది మోకు. తాడు పేరు వింటే అది ఏం పని చేస్తుందో తెలిసిపోయేది. ఓడ మీద కూడా అంతే. అక్కడ దేన్నీ ఊరికే తాడు అనరు, పనిని బట్టి పేరు. కాబట్టి నంబరు పక్కనపెట్టి, ఈ తాడు ఏం పని చేస్తుంది అని అడగడం మొదలుపెట్టాను. ఆ రోజు నుంచి నూటయాభై గీతలు నాలుగైదు రకాల పనులైపోయాయి.

మీరు పెళ్లిళ్లలో షామియానా వేయడం చూసే ఉంటారు. మధ్యలో పొడుగాటి గుంజ నిలబెడతారు. దానికి నాలుగు వైపులా తాళ్లు కట్టి భూమిలో మేకులకు బిగిస్తారు. గుంజ తనంతట తాను నిలబడదు, తాళ్లు నిలబెడతాయి. ఓడ మీద తెరచాపల్ని మోసే నిలువు గుంజ, అంటే మాస్టు, అదీ అంతే. పక్కలకు పడిపోకుండా రెండు వైపులా కిందికి దిగే తాళ్లను ష్రౌడ్లంటారు. ముందుకు లాగి పట్టేవి స్టేలు, వెనక్కి పట్టేవి బ్యాక్‌స్టేలు. గాలి వెనక నుంచి తెరచాపను తోస్తుంది కాబట్టి మాస్టు ముందుకు ఒరగాలని చూస్తుంది. అందుకే ష్రౌడ్లు మాస్టుకు సరిగ్గా పక్కన కాకుండా కాస్త వెనక్కి దిగుతాయి. ఇది తెలిస్తే బొమ్మ చూడకుండానే ఏ వైపు ఎక్కువ తాళ్లుండాలో చెప్పగలరు. ఓడ తాళ్లన్నిటినీ కలిపి రిగ్గింగ్ అంటారు. ఇవన్నీ ఒకసారి బిగిస్తే కదలనివి, వీటిని స్టాండింగ్ రిగ్గింగ్ అంటారు. తెరచాపల్ని ఎత్తేవి, దించేవి, తిప్పేవి వేరే. అవి రోజంతా కళాసుల చేతుల్లో నలిగేవి. వాటి పేరు రన్నింగ్ రిగ్గింగ్.

మొదటి రకానికి తారు పూసేవాళ్లు. అందుకే అవి నల్లగా, ముదురు గోధుమగా ఉంటాయి. రెండో రకానికి తారు పూస్తే చేతులకు అంటుకుంటుంది, కప్పీల్లో జారదు. అందుకని అవి జనపనార రంగులోనే ఉంటాయి. చాలామంది మోడళ్లలో అన్నీ ఒకే నలుపు. అలా చేస్తే దూరం నుంచి చూసినప్పుడు సాలెగూడు కనిపిస్తుంది, ఓడ కనిపించదు.

ఓడ గురించి రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. కటీ సార్క్ అంటే స్కాట్లాండ్ వాళ్ల భాషలో పొట్టి లోచొక్కా. అక్కడి ఒక పాత పద్యంలో మంత్రగత్తె వేసుకున్న బట్ట పేరు ఓడకు పెట్టారు. బట్టలు కుట్టేదాన్ని, ఈ సంగతి తెలిశాక ఓడ నాదేననిపించింది. 1869 నవంబర్ 22న స్కాట్లాండ్‌లోని డంబార్టన్‌లో నీళ్లలోకి దింపారు. చైనా నుంచి లండన్‌కు టీ ఆకు మోయడం దాని పని. కానీ సరిగ్గా ఐదు రోజుల ముందు, నవంబర్ 17న, సూయెజ్ కాలువ తెరిచారు. ఆవిరి ఓడలు ఆ దగ్గరి దారిన వెళ్లడం మొదలుపెట్టాయి. షాపు ఓపెనింగ్ రోజే ఎదురుగా మాల్ తెరిచినట్టు. తర్వాత ఆస్ట్రేలియా నుంచి ఉన్ని మోసి పేరు తెచ్చుకుంది. ఇప్పుడు లండన్ గ్రీనిచ్‌లో ఉంది. 2007లో నిప్పంటుకుంది. అప్పటికే మరమ్మతు కోసం మాస్టులు, తాళ్లు విప్పి వేరే చోట పెట్టడంతో అవి దక్కాయి. 2012లో మళ్లీ జనానికి తెరిచారు.

ఆ ఓడ మీద మొత్తం 11 మైళ్ల తాడుంది. కిలోమీటర్లలో పదిహేడున్నర పైమాటే. 96తో భాగిస్తే మన మోడల్‌కు సుమారు 184 మీటర్లు. మూడు చార్మినార్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా ఇంకా దారం మిగులుతుంది. అదంతా దాదాపు మూడడుగుల బొమ్మ మీద సర్దాలి.

ఇప్పుడు నా సబ్జెక్టుకొచ్చాను, దారం. మీరు బోర్ కొట్టినా ఇక్కడ తొందరపడను.

పాతకాలంలో తాడు సైజును అడ్డంగా కొలిచేవాళ్లు కాదు, చుట్టూ టేపు పెట్టి కొలిచేవాళ్లు. మేం నడుము కొలత తీసినట్టు. కాబట్టి ప్లాన్లలో 12 అంగుళాల తాడు అని కనిపిస్తే అది 12 అంగుళాల లావు కాదు, చుట్టుకొలత. 3.14తో భాగించాలి. దాదాపు 3.8 అంగుళాలు, అంటే 97 మిల్లీమీటర్లు. 96వ వంతు చేస్తే మిల్లీమీటరు దారం. 6 అంగుళాలదైతే అర మిల్లీమీటరు, 3 అంగుళాలదైతే పావు. ఈ లెక్క తెలియక చాలామంది మూడు రెట్లు లావు దారం కట్టేస్తారు. అప్పుడు ఓడ కాస్తా బరువులెత్తే క్రేన్ లాగా ఉంటుంది.

మరి దుకాణంలో దారం లావు ఎలా తెలుస్తుంది? రీలు మీద రాసిన నంబర్లు మనకు పనికిరావు. పెన్సిల్ తీసుకోండి, దారాన్ని పక్కపక్కనే ఆనుకునేలా చుట్టండి. సెంటీమీటరులో 20 చుట్లు పడితే అర మిల్లీమీటరు, 40 పడితే పావు. నేను జనరల్ బజార్‌లో దారాల కొట్టుకు పెన్సిల్, స్కేలు పట్టుకుని వెళ్తాను. మొదట్లో కొట్టాయన చిరాకు పడేవాడు, ఇప్పుడు ఆయనే చుట్టి చూపిస్తాడు.

ఇంకోటి, దారానికి పురి ఉంటుంది. పేనిన తాడును నిలువుగా పట్టుకుని చూడండి. పోగులు కింద నుంచి పైకి ఏ వైపుకు ఎక్కుతున్నాయి? ఓడ మీద మామూలు తాళ్లన్నీ కుడివైపుకు ఎక్కుతాయి. లంగరుకు కట్టే పెద్ద మోకుల్లో మాత్రం అలాంటి మూడు తాళ్లు తీసుకుని ఎడమవైపుకు తిప్పి పేనేవాళ్లు. చూసేవాళ్లలో నూటికి తొంభై మందికి తెలియదు. తెలిసిన వాళ్లు మాత్రం ముందు అదే చూస్తారు.

నూగు పోవాలంటే తేనెమైనం. మైనపు ముద్దకు గోరుతో గాడి చేసి, దారాన్ని అందులోంచి రెండుసార్లు లాగి, తర్వాత వేళ్ల మధ్య గట్టిగా రుద్దాలి. వేళ్లు వేడెక్కాలి, అప్పుడే మైనం లోపలికి దిగుతుంది. కాటన్ అయితే మైనానికి ముందు కొవ్వొత్తి మంట పక్కగా వేగంగా లాగితే నూగు మాడిపోతుంది. పాలిస్టర్‌తో ఆ పని చేయకండి, కరిగి ముద్దవుతుంది.

రంగు సంగతి. జనపనార రంగు ఏ కొట్లోనూ సరిగ్గా దొరకదు. కాటన్ దారాన్ని చిక్కటి టీ డికాషన్‌లో అరగంట ఉంచి నీడన ఆరబెట్టాను. పాలు పోయకూడదని చెప్పనక్కర్లేదనుకుంటా. (నవ్వులు) టీ ఓడ తాళ్లకు టీ రంగు. మా బాబుకు ఫోన్లో చెప్తే పావుగంట నవ్వాడు. పాలిస్టర్ టీని పట్టుకోదు, అది గుర్తుంచుకోండి.

ఏ దారం దేనికి అన్నది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. మొదటిసారి అంతా కాటనే వాడాను. మే నెల, బయట 42 డిగ్రీలు, గాలిలో తడి లేదు. ష్రౌడ్లను వీణ తీగల్లా బిగించి చాలా మురిసిపోయాను. జూలై వచ్చింది. నాలుగు రోజులు ముసురు పట్టింది. ఐదో రోజు పొద్దున చూస్తే ముందు మాస్టు పై భాగం ధనుస్సులా వంగి ఉంది.

ఏమైందంటే, పత్తి, జనుము లాంటి నార తడి పీల్చుకుంటే లావవుతుంది, లావైన కొద్దీ పొడవు తగ్గుతుంది. ఆరితే మళ్లీ సడలుతుంది. అసలు ఓడల్లోనూ ఇదే తలనొప్పి, వానొస్తే తాళ్లు బిగిసేవి. నేను ఎండాకాలంలో బిగించినదాన్ని వానాకాలం ఇంకా బిగించింది. మాస్టు ఏమో పాలిస్టైరీన్ ప్లాస్టిక్. అది మెత్తబడాలంటే దాదాపు 100 డిగ్రీలు కావాలి కదా అంటారు. నిజమే, కానీ సన్నటి ప్లాస్టిక్‌ను రాత్రింబవళ్లు లాగుతూ ఉంటే మామూలు వేడిలో కూడా మెల్లగా సాగుతుంది. తాడు వదిలినా తిరిగి రాదు. నాలుగు నెలల పని కత్తెరతో కోసేశాను. ఆ రోజు వంట కూడా చేయలేదు.

రెండోసారి కింది మాస్టు రెండు బద్దల్ని అతికించే ముందు లోపల ఇనుప చువ్వ పెట్టాను. పైన సన్నగా ఉండే ముక్కల్ని పారేసి వెదురు పుల్ల చెక్కి, సాండ్ పేపర్‌తో రుద్ది పెట్టాను. బిగుతుగా ఉండాల్సిన స్టాండింగ్ రిగ్గింగ్ అంతా పాలిస్టర్, అది తడి పెద్దగా పీల్చదు. టీలో ముంచిన కాటన్ రన్నింగ్ రిగ్గింగ్‌కు మాత్రమే, ఎందుకంటే దాన్ని ఎలాగూ వదులుగానే కడతాం. అదృష్టంకొద్దీ ఈ ఓడకు నిజంగానే స్టాండింగ్ రిగ్గింగ్ ఇనుప తీగతో పేనినది. 1869 నాటికి అది వచ్చేసింది. కాబట్టి పాలిస్టర్ నునుపు తప్పుగా కూడా కనిపించదు. 1805లో యుద్ధం చేసిన విక్టరీ లాంటి ఓడైతే అంతా జనపనారే, అప్పుడు పురి కనిపించాలి.

బిగింపు గురించి ఒక్క మాట. తీగలా మోగాల్సిన పని లేదు. వదులుగా వేలాడకపోతే చాలు. కుడివైపు ఒక జత కడితే వెంటనే ఎడమవైపు ఒక జత. ఒకే వైపు అన్నీ కట్టి తర్వాత రెండో వైపుకు వెళ్తే మాస్టు ఈలోపే ఒరిగిపోతుంది. నాలుగు చేసి ఆగండి, ముందు నుంచి ఒక కన్ను మూసి చూడండి.

ష్రౌడ్ల కొసన ఉండే ఈ గుండ్రటి చెక్కలను డెడ్ ఐలు అంటారు. కొబ్బరికాయకు మూడు కళ్లున్నట్టు దీనికీ మూడు చిల్లులు. పైన ఒకటి, కింద ఒకటి. వాటి మధ్య సన్న తాడు ఎక్కించి దిగించి లాగితే పెద్ద తాడు బిగుస్తుంది. మూడు చిల్లుల్లోంచి ఆరుసార్లు తిరగడం వల్ల చేతి బలం చాలా రెట్లవుతుంది. ఇక్కడ చూడాల్సింది ఒకటే. వరుసలో పై డెడ్ ఐలన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. ఒక్కటి పైకో కిందికో ఉంటే పళ్ల వరుసలో పన్ను వంకరగా ఉన్నట్టు కనిపిస్తుంది. సన్న తీగను యు ఆకారంలో వంచి, దాని రెండు కొసలనూ పై చెక్క చిల్లులో ఒకటి, కింది చెక్క చిల్లులో ఒకటి పెట్టి ష్రౌడ్ కట్టండి. దూరం మారదు.

ఇప్పుడు అట్టముక్కలు తీయండి.

ష్రౌడ్ల మీద అడ్డంగా నిచ్చెన మెట్లలా కట్టే సన్న తాళ్లను రాట్‌లైన్లు అంటారు. కళాసులు వీటి మీద కాలు పెట్టి పైకెక్కేవాళ్లు. మనిషి అడుగు అందేలా 13 నుంచి 15 అంగుళాల ఎడం ఉంటుంది. 96వ వంతులో మూడున్నర నుంచి నాలుగు మిల్లీమీటర్లు. మీ అట్ట మీద దారాల వెనక పెన్సిల్ గీతలున్నాయి చూడండి, సరిగ్గా ఆ ఎడంలో గీశాను. ఇంట్లో కూడా ఇలాగే ష్రౌడ్ల వెనక గీతల కాగితం పెట్టుకోండి. కంటి అంచనాతో కడితే మెట్లు కొండెక్కుతాయి.

ముడి చెప్తాను, నెమ్మదిగా. దారాన్ని నల్ల దారం ముందు నుంచి పోనిచ్చి వెనక్కి చుట్టండి. ముందుకొచ్చాక తన మీదుగా దాటించండి. మళ్లీ వెనక్కి చుట్టండి. ముందుకు తెచ్చి, ఇందాక దాటించిన దారం కిందికి దూర్చి లాగండి. ముందు నుంచి చూస్తే రెండు చుట్లు, వాటి మీద ఏటవాలుగా ఒక గీత కనిపించాలి. పల్లెలో గుంజకు పలుపు చుట్టే ముడి ఇలాంటిదే, ఇంగ్లీషులో క్లోవ్ హిచ్ అంటారు. అసలు ఓడలో లోపలి ష్రౌడ్ల మీదే ఈ ముడి, రెండు చివర్ల మాత్రం కొసను ఉచ్చులా మడిచి సన్న తాడుతో చుట్టేవాళ్లు. 96వ వంతులో అదెవరూ చూడరు, అన్నిటికీ ఇదే కట్టండి.

ఒక మాస్టుకు ఒక వైపు ఐదు ష్రౌడ్లు, ముప్ఫై మెట్లు అనుకోండి. నూటయాభై ముడులు. రెండో వైపు ఇంకో నూటయాభై. కిట్లో అచ్చు పోసిన ప్లాస్టిక్ నిచ్చెనలు వస్తాయి కదా అంటారు. వస్తాయి, దోమతెర ముక్క లాగా ఉంటాయి. మీ ఇష్టం. నేనైతే రోజుకు మూడు మెట్లు కడతాను, సీరియల్ ప్రకటనల టైంలో. ఎక్కువ కడితే చెయ్యి అలిసిపోయి లాగుడు మారుతుంది.

లాగుడే అసలు కష్టం. ప్రతి ముడినీ రవ్వంత ఎక్కువ లాగితే చివరి ష్రౌడ్లు లోపలికి వస్తాయి. పది మెట్లు అయ్యేసరికి మొత్తం వడ్డాణం పెట్టినట్టు మధ్యలో సన్నబడుతుంది. కట్టేటప్పుడు కనిపించదు, అదే మాయ. నేను మగ్గం మీద బట్ట బిగించినట్టు బయటి ష్రౌడ్ల మధ్య ఒక అట్టముక్క అడ్డంగా ఇరికిస్తాను, అది లోపలికి రానివ్వదు. ముడి మీద తెల్ల జిగురులో నీళ్లు కలిపి సూది మొనతో ఒక్క చుక్క. చటుక్కున అంటుకునే జిగురైతే నల్ల దారం మీద బూడిదలా తెల్లగా పూస్తుంది, దారం కూడా పుల్లలా బిరుసెక్కుతుంది.

మీరు కడుతూ ఉండండి. నేను రన్నింగ్ రిగ్గింగ్ త్వరగా చెప్పేస్తాను.

అడ్డంగా ఉండే కర్రను యార్డు అంటారు. దానికి తెరచాప వేలాడుతుంది. యార్డును పైకి ఎత్తేది హాలియార్డు. కొసలు వంగకుండా పట్టేవి లిఫ్టులు. గాలికి తగ్గట్టు కుడికీ ఎడమకూ తిప్పేవి బ్రేసులు, ఎద్దుబండి పగ్గాల్లాంటివి. తెరచాప కింది మూలల్ని కిందికి లాగేది షీట్. నేనేమో షీట్ అంటే గుడ్డ అనుకుని వారం రోజులు కాగితంలో గుడ్డ కోసం వెతికాను. అది తాడు! తెరచాపను పైకి మడిచేవి క్లూలైన్లు, బంట్‌లైన్లు. బాల్కనీలో వెదురు తెరను తాడు లాగి పైకి చుడతాం కదా, అదే పని. అంతే, ప్రతి యార్డుకూ ఇదే కథ. ఒక యార్డు అర్థమైతే మిగతావన్నీ దాని అక్కచెల్లెళ్లే.

నేను చేసిన తప్పు ఇంకోటి చెప్పాలి. వెనక మాస్టు బ్రేసుల్ని కూడా మిగతా వాటిలాగే వెనక్కి లాగి కట్టాను. బాబు ఫొటో చూసి, అమ్మా దాని వెనక ఇంకో మాస్టు లేదు కదా, దేనికి కట్టావు అన్నాడు. డెక్కు కంచెకు కట్టాను! చాలా ఓడల్లో వెనక మాస్టు బ్రేసులు ముందుకే వెళ్తాయి. పని అడగమని మీకు చెప్పే నేనే అడగడం మరిచిపోయాను.

కట్టే వరస కింద నుంచి పైకి, లోపలి నుంచి బయటికి. యార్డుకు కట్టాల్సిన కప్పీలన్నీ దాన్ని మాస్టుకు పెట్టకముందే బల్ల మీద కట్టేయండి. గాలిలో వేలాడే కర్రకు అర మిల్లీమీటరు దారంతో ముడేయడం ఏ మగ్గం పనికన్నా కష్టం. ఎంత చేసినా చివర్లో చెయ్యి దూరని చోట్లుంటాయి. మీరంతా పొడుగాటి పట్టకార్లు కొంటున్నారు. నేను మా మగ్గం పనిలోని ఆరి సూది వాడతాను. కొసన కొక్కెం ఉంటుంది, ఏ సందులోంచైనా దారాన్ని పట్టి లాక్కొస్తుంది. కానీ కొత్త సూది కొక్కెం పదునుగా ఉండి దారాన్ని చీరేస్తుంది. సానరాయి మీద నాలుగుసార్లు రుద్ది మొండి చేసుకోండి.

చివరి పని, తాడు చుట్టలు. ప్రతి తాడూ కింద ఒక మేకుకు చుట్టి, మిగిలింది చుట్టగా వేలాడదీస్తారు. ప్లాస్టిక్ మేకులు తాకితే విరుగుతాయి, నేను వాటి స్థానంలో తల కత్తిరించిన గుండుసూదులు పెట్టాను. చుట్టలు చూసి మోసపోకండి. అసలు తాడు బరువుకు కిందికి వాలుతుంది. మన దారానికి బరువేముంది? అది గాలిలో పుల్లలా నిలబడుతుంది. అందుకని రెండు మేకుల మధ్య చుట్ట చుట్టి, జిగురు నీళ్లలో తడిపి, అడుగున చిన్న క్లిప్పు వేలాడదీసి ఆరనివ్వాలి. యార్డు కింద కళాసులు నిలబడే ఫుట్‌రోపులకూ అంతే. అవి సాగి వేలాడాలి. మా చిన్నాయన మోకు మీద వెనక్కి వాలి రెండు చేతులూ వదిలేసి కల్లు గీసేవాడు. ఈ ఫుట్‌రోపుల మీద పొట్ట యార్డుకు ఆనించి తెరచాప చుట్టిన వాళ్లను తలుచుకుంటే నాకు ఆయనే గుర్తొస్తాడు.

ఇక ప్రశ్నలుంటే అడగండి.

(సముద్రం లేని హైదరాబాద్‌లో ఓడలేంటని ఇంట్లో నవ్వుతారు, ఏం చెప్పాలని ఒకరు అడిగారు.)

శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి తన నాణెం మీద రెండు మాస్టుల ఓడ వేయించుకున్నాడు. ఓరుగల్లు నుంచి ఏలిన గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో శాసనం వేయించాడు. ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే అంతకుముందు రాజులు లాగేసుకునేవాళ్లు, తాను సుంకం మాత్రమే తీసుకుని మిగతాది వర్తకులకే ఇస్తానన్నాడు. ఓరుగల్లుకూ సముద్రం లేదు కదా. అయినా ఇంట్లో వాళ్లు నవ్వితే నవ్వనివ్వండి, డస్టింగ్ మాత్రం చేయనివ్వకండి.

(పతంగుల మాంజా వాడొచ్చా అని ఒక కుర్రవాడు అడిగాడు.)

వద్దు నాన్నా. గాజు పొడి పూసింది పక్క దారాన్ని కోస్తుంది, నీ వేలినీ కోస్తుంది. నైలాన్ మాంజా అయితే 2017 నుంచి నిషేధమే, అమ్మినవాడిదీ తప్పే. మాంజా పూయని సాదా దారం అయితే బానే ఉంటుంది, మైనం పట్టించు.

(కొత్తవాళ్లు చిన్న ఓడతో మొదలుపెట్టాలా అని ఇంకొకరు.)

చిన్న ఓడ కాదు, తక్కువ మాస్టుల ఓడ. సైజు చిన్నదైతే దారం ఇంకా సన్నం, వేళ్లు మాత్రం అవే. ఒకే మాస్టు ఉన్న పడవ, పెద్ద సైజుది తీసుకోండి. గాజు పెట్టె ఖర్చు కూడా ముందే లెక్కేసుకోండి. మా ఇంట్లో పెట్టె రాకముందు ఒక బల్లి రాత్రంతా ముందు మాస్టు ఎక్కి దిగింది. బల్లి కాళ్లకు మైనం అంటుకున్నా అది ఆగలేదు.

(మొత్తం ఎంతకాలం పట్టిందని అడిగారు.)

కోసేసిన నాలుగు నెలలతో కలిపి రెండేళ్ల మీద మూడు నెలలు. పెళ్లిళ్ల సీజన్‌లో ముట్టుకోలేదు.

సరే, అట్టలు పైకెత్తి చూపించండి. బాగుంది. ఈ అక్కయ్యగారిది బాగుంది, ముడుల మీద గీతలన్నీ ఒకే వైపు వాలాయి. రెండో వరసలో తమ్ముడూ, మీరు చాలా వేగంగా కట్టారు, ఎనిమిది మెట్లయ్యాయి. కాస్త దూరం పెట్టి చూడండి. మధ్యలో నడుం వచ్చింది. విప్పేయండి, కత్తెర ఇస్తాను.